జీవశక్తి అన్వేషి: యల్లాప్రగడ సుబ్బారావు

పైరు ఆకును ఎండబెట్టి, బూడిద చేసి, ఆ బూడిదను ఆమ్లంలో కరిగించి, దానికి మాలిబ్డేట్ ద్రావణాన్ని, ఒక క్షయకరణిని చేరిస్తే ఆ ద్రావణం క్రమంగా నీలిరంగును సంతరించుకుంటుంది. ఆకులో భాస్వరం ఎంత అధికంగా ఉంటే నీలిమ అంత చిక్కనవుతుంది. వరి సరిగా పిలకలు వేయకపోయినా, ఆకు ముదురాకుపచ్చగా మారి మొక్క గిడసబారిపోయినా నేలలో భాస్వరం తక్కువైందేమోనని వ్యవసాయ శాస్త్రవేత్త అనుమానిస్తాడు. ఆ అనుమానాన్ని తీర్చే రసాయన పరీక్షలలో ఈ నీలిరంగు పరీక్ష ఒకటి. దీనిని ప్రపంచమంతటా ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని వ్యవహరిస్తారు. ఆ రెండవ పేరు గల వ్యక్తి గోదావరి డెల్టాలో పుట్టి, మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పిన విద్యార్థి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించాడు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. తండ్రి రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. ఏడుగురు సంతానం గల ఆ ఇంట ధనానికి ఎన్నడూ కొరతే. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం మాని కొంతకాలానికి మరణించగా సంసారభారం వెంకమ్మపై పడింది. సుబ్బారావుకు బడిచదువుపై మొదట ఆసక్తి లేదు. పదమూడేళ్ల ప్రాయంలో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరాడనీ, తల్లి వెనుకకు రప్పించి మళ్లీ బడికి పంపిందనీ ఆయన జీవితగాథలో ప్రసిద్ధం. రాజమండ్రిలో చదివి, చివరకు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తయ్యాక రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యసించాలని తలచాడు. ఆ కోరికకు తల్లి సమ్మతించలేదు. వైద్యుడైనా మానవసేవ చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించాడు. మిత్రుల సహాయంతోను, కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక తోడ్పాటుతోను ఆ చదువు సాగింది. సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితోనే ఆయన వివాహం జరిగింది.

అవి గాంధీజీ పిలుపుతో యువకులు విదేశీ వస్త్రాలను త్యజిస్తున్న రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్లాడు. ఆంగ్లేయుడైన ఆచార్యుడికి అది నచ్చలేదు. దాని ఫలితమేమో, ఇతర విషయాలలో రాణించిన ఆ విద్యార్థికి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. దానితో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దుర్లభమైంది. అప్పుడు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పనిలో చేరాడు. మూలికలతో, ఆకులతో, వేళ్లతో రోగాలను నయంచేసే వైద్యాన్ని దగ్గరగా చూసే అవకాశం ఆయనకు అక్కడ కలిగింది.

అమెరికా ప్రయాణానికి ముందే ఆ కుటుంబంపై పెద్ద దెబ్బ పడింది. ఉష్ణమండల ప్రాంతాలలో వ్యాపించే స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల వ్యవధిలో బలిగొన్నది. తిన్న ఆహారం ఒంటబట్టక, విరేచనాలతో శరీరం శుష్కించి, రక్తం క్షీణించి రోగి నశించడం దీని లక్షణం. తరువాత సుబ్బారావు కూడ ఆ వ్యాధికి గురై లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నాడు. అన్నను పోగొట్టుకున్న యువ వైద్యుడికి ఆ రోగకారణం తెలియదు. నాటి వైద్యశాస్త్రానికి కూడ తెలియదు. దానిని తెలుసుకోవాలన్న పట్టుదలే ఆయనను ఉష్ణమండల వ్యాధుల అధ్యయనానికి పురికొల్పింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు అందించిన ధనంతో బయలుదేరి 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యశాస్త్రం చదువుతూ, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుడుగా రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశాడు.

డిప్లొమా పొందిన పిదప హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద చేరాడు. అప్పటికి రక్తంలోనో కండరంలోనో ఉన్న భాస్వరాన్ని కొలవడం ప్రయాసతో కూడిన పని. రంగు మెల్లగా వచ్చేది, వచ్చినది నిలిచేది కాదు. ఫిస్కే, సుబ్బారావులు అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని క్షయకరణిగా ఎంచుకున్నారు. నీలిరంగు త్వరగా, నికరంగా వచ్చింది. రవ్వంత నమూనాతోనే లెక్క తేలింది. 1925లో ప్రచురితమైన ఆ పరిశోధనా పత్రం శాస్త్ర ప్రపంచంలో అత్యధికంగా ఉదాహరింపబడిన పత్రాలలో ఒకటిగా నిలిచింది.

ఈ పద్ధతిని కండరపు రసానికి ప్రయోగించినప్పుడు ఒక వింత కనిపించింది. రంగు రావలసిన వేళకు పూర్తిగా రాలేదు. సేపు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. మరొకరైతే పరికరంలోనో ద్రావణంలోనో దోషముందని ఆ ఫలితాన్ని పారవేసి ఉండేవారు. ఆ ఆలస్యానికి కారణం వెదకడమే మేలైంది. కండరంలో ఏదో అస్థిరమైన భాస్వర సమ్మేళనం దాగి ఉండి, ఆమ్లంలో మెల్లగా విచ్ఛిన్నమవుతూ తన భాస్వరాన్ని వదులుతున్నది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ విషయం వెల్లడైంది. కండరం పనిచేసినప్పుడు అది తరగి, విశ్రాంతిలో మళ్లీ నిండుతుందని తేలింది. లాక్టిక్ ఆమ్లమే కండర సంకోచానికి మూలమన్న నాటి సిద్ధాంతానికి ఇది గట్టి ఎదురుదెబ్బ. 1929లో అదే ప్రయోగశాల అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అనగా ఏ.టి.పి.ని వేరుచేసింది. దాదాపు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టా లభించింది.

ఏ.టి.పి. కండరానికే పరిమితమైన పదార్థం కాదు. ప్రాణమున్న ప్రతి కణంలోను శక్తి వినిమయానికి అదే నాణెం. ఆకులోని హరితరేణువులు సూర్యకాంతితో దీనినే తయారుచేస్తాయని 1954లో డేనియల్ ఆర్నన్ బృందం నిరూపించింది. తీరప్రాంతపు చవుడు నేలలో నాటిన పైరు సంగతి చూస్తే దీని ప్రాముఖ్యం మరింత తేటపడుతుంది. నేలలోని ఉప్పు వేళ్లలోకి చొరబడినప్పుడు మొక్క ఊరకుండదు. వేరుకణపు పొరలో ఉండే ఎంజైములు ఏ.టి.పి.ని విచ్ఛిన్నం చేసి, ఆ శక్తితో ప్రోటాన్లను వెలుపలికి నెడతాయి. ఆ ఒత్తిడి ఆధారంగానే సోడియం బయటకు పోతుంది. ఉప్పును బయటకు నెట్టడానికి ఇంత శక్తి ఖర్చుపెట్టిన మొక్కకు ఎదుగుదలకు మిగిలేది తక్కువ. చవుడు నేలలో పంట దిగుబడి తగ్గడానికి గల కారణాలలో ఇదొకటి. ఆ ఎంజైము ఎంత చురుకుగా ఉన్నదో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు వేరుపొరలను పరీక్షనాళికలో ఏ.టి.పి.తో కలిపి, విడుదలైన ఫాస్ఫేటును లెక్కిస్తారు. ఆ లెక్కకు వాడే పద్ధతులలో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి సుపరిచితం. కండరాన్ని గురించి ఆలోచించి రూపొందించిన సాధనం ఈ విధంగా పైరు పరిశోధనకు ఉపకరించింది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. అదే విభాగంలో విద్యార్థిగా ఉండి, అనంతరం 1988లో నోబెల్ బహుమతి పంచుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు సకాలంలో వెలుగుచూడక, ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని గుర్తుచేసుకున్నాడు. పేరు కోసం పోరాడటం సుబ్బారావు స్వభావంలో లేదు. అది ఆయన సుగుణమే కావచ్చు, కాని శాస్త్రానికి దానివల్ల నష్టమే జరిగింది.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారి, రెండేళ్లలో పరిశోధనా విభాగానికి డైరెక్టరయ్యాడు. స్ప్రూను, దానిని పోలిన రక్తహీనతలను ఆయన అప్పటికీ మరువలేదు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్, ఈస్టు సారంలో దానిని పోగొట్టే గుణం ఏదో ఉన్నదని 1931లో ప్రకటించింది. 1941లో టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దాదాపు నాలుగు టన్నుల పాలకూర నుండి కొద్దిపాటి పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చే పదంతో ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. ఆకుకూరలలో సమృద్ధిగా ఉండే ఈ పదార్థాన్ని మొక్క తానే తయారుచేసుకోగలదు. మనిషి శరీరానికి ఆ నేర్పు లేదు. పైగా ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోస్తే ఆకులో ఉన్నది కూడ చాలావరకు పోతుంది. టన్నులకొద్దీ ఆకు పిండి రోగులకు మందివ్వడం అసాధ్యం. సుబ్బారావు నాయకత్వంలోని బృందం దాని నిర్మాణాన్ని ఛేదించి 1945లో కృత్రిమంగా తయారుచేసింది. టామ్ స్పైస్ మొదలైన వైద్యులు స్ప్రూ రోగులకు దానిని ఇవ్వగా రక్తం వృద్ధిచెంది వారు తేరుకున్నారు.

లెడర్లీలో ఆయన చేరదీసిన వారిలో బెంజమిన్ డగ్గర్ ఒకడు. ఇతడు వృక్షశరీరధర్మ శాస్త్రవేత్త. విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసి, డెబ్బయి దాటిన వాడు. అంత వృద్ధుడికి కొత్త ప్రయోగశాలలో చోటివ్వడం సాహసమే. జీవితమంతా మొక్కల రోగాలను, నేలను చదివిన డగ్గర్ వేర్వేరు ప్రాంతాల నుండి మట్టి నమూనాలు తెప్పించి, వాటిలోని సూక్ష్మజీవులను పరీక్షించసాగాడు. 1888 నుండి పంటల ప్రయోగాలు జరుగుతున్న మిస్సోరి విశ్వవిద్యాలయపు శాన్‌బార్న్ క్షేత్రంలోని మట్టిలో బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని నుండి లభించినదే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్. 1948లో దానిని లోకానికి ప్రకటించారు.

గోదావరి జిల్లాల వారిని పీడించే బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడ 1947లో ఆయన ప్రయోగశాల నుండే వెలువడింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పసిపిల్లలకిచ్చాడు. పదహారుమందిలో పదిమందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు.

ఆ ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్లు. ఇరవైఆరేళ్ల క్రితం ఇల్లు విడిచిన ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు. తల్లి వెంకమ్మ గాని, భార్య శేషగిరి గాని ఆయనను తిరిగి చూడలేదు. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలాబిళ్ల విడుదల చేసింది. ఉష్ణమండల స్ప్రూ రోగులకు వైద్యులు నేడు ఇచ్చే మందులు రెండు. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండవది టెట్రాసైక్లిన్.