రోనాల్డ్ రాస్: మలేరియా గుట్టు విప్పిన డాక్టరు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పనికోసం చెన్నైకో, ఇంకా దూరానికో వెళ్లొచ్చే వాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. అలా వెళ్లొచ్చిన మనిషికి చలిజ్వరం వస్తే, కుట్టింది ఈ ఊరి దోమే కానక్కర్లేదు. ఈ సంగతి అర్థం కావాలంటే డాక్టర్ రోనాల్డ్ రాస్ జీవితం తెలుసుకోవాలి.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. లండన్‌లో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. ఆ రోజుల్లో మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని చాలామంది నమ్మేవారు. దోమల మీద అనుమానం ఉందని 1894లో లండన్‌లో డాక్టర్ పాట్రిక్ మాన్సన్ చెప్పారు. అప్పటి నుంచి రాస్‌కు అదే ధ్యాస.

1897లో ఊటీ కొండల కింద సీగూరు వైపు వెళ్లినప్పుడు ఆయనకే మలేరియా వచ్చింది. కోలుకుని సికింద్రాబాద్ చేరి, బేగంపేటలో మళ్లీ పని మొదలుపెట్టారు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించుకుని, ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని కడుపు కోసి చూస్తే మలేరియా క్రిమి కనిపించింది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మీద పరీక్షించి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కాటుతో ఇంకో పక్షికి పాకుతుందని చూపించారు. అక్కడ ఆయనకు తోడుగా పనిచేసింది మహమ్మద్ బక్ష్. మనుషుల్లోనూ అంతేనని ఇటలీ శాస్త్రవేత్తలు అదే ఏడాది తేల్చారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

1907లో ఆయన మారిషస్ వెళ్లారు. మన తెలుగువాళ్లు కూడా కూలీలుగా వెళ్లిన దీవి అది. మొదట అక్కడ మలేరియా లేదు. 1860ల్లో బయటి నుంచి వచ్చి, వేలమందిని పొట్టనబెట్టుకుంది. దోమ పుట్టే నీళ్లను తీసేయాలన్నదే రాస్ ఇచ్చిన సలహా. ఆయన 1932 సెప్టెంబర్ 16న లండన్‌లో కన్నుమూశారు. 1973లో మారిషస్ మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కానీ 1975లో తుపాను తర్వాత జబ్బు తిరిగొచ్చింది. మళ్లీ వదిలించుకోవడానికి 1998 దాకా పట్టింది. బయటి నుంచి వచ్చే ప్రయాణికుల రక్తం పరీక్షించడం అక్కడి జాగ్రత్తల్లో ఒకటి.

రాస్ చూపించిన లెక్క ఇదే: క్రిమి మనిషి రక్తంలో ప్రయాణం చేస్తుంది, దోమ మన ఊళ్లోనే కాచుకుని ఉంటుంది. రెండూ కలిస్తేనే జబ్బు పాకుతుంది. పట్నాల్లో మలేరియా దోమ బావుల్లో, మూతలేని ట్యాంకుల్లో, సిమెంటు తొట్లలో పుడుతుంది. ఇంటి మిద్దె మీది ట్యాంకైనా, మసీదు వజూ హౌజైనా ఒకటే. మూత వేయాలి, లేదంటే వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి.

వెళ్లొచ్చిన బిడ్డకు జ్వరమొస్తే సిగ్గుపడి దాచిపెట్టొద్దు, వాణ్ణి తిట్టొద్దు. ఏ ఊరు వెళ్లొచ్చాడో డాక్టరుకు చెప్పి, వెంటనే రక్తపరీక్ష చేయించండి. సర్కారు ఆసుపత్రుల్లో ఈ పరీక్ష, మందులు ఉచితం. వైవాక్స్ రకం క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. అందుకే జ్వరం తగ్గిందని మాత్రలు మధ్యలో ఆపకుండా, డాక్టరు చెప్పినన్ని రోజులూ మింగాలి. అలా చేస్తే ఆ బిడ్డకూ మేలు, పక్కింటి పిల్లలకూ మేలు.