పాదరసపు చుక్కతో రసాయనాల ఆచూకీ: యారొస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ కథ

చికెన్‌పాక్స్, సర్పి వంటి జబ్బులకు డాక్టర్లు రాసే ఎసైక్లోవిర్ మాత్ర చాలామందికి తెలుసు. ఆ మందు శరీరం నుంచి బయటికి పోయేది ప్రధానంగా కిడ్నీల ద్వారానే. కిడ్నీలు సరిగా పనిచేయని వారిలో అది రక్తంలో పేరుకుపోయి మెదడుపై ప్రభావం చూపవచ్చు. మతిభ్రమ, మగత కనిపించవచ్చు. అలాంటప్పుడు రక్తంలో మందు ఎంత ఉందో తెలుసుకోవడం అవసరం. అందుకు వాడే పెద్ద యంత్రాలు ఖరీదైనవి. చిన్న ఎలక్ట్రోడ్‌ను నమూనాలో ముంచి, కరెంటు కొలిచి అదే పని చేయాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. ఈ ఆలోచనకు మూలం వందేళ్ల క్రితం ప్రాగ్‌లోని ఒక ప్రయోగశాలలో ఉంది. దానికి ఆద్యుడు యారొస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ.

లా ప్రొఫెసర్ కొడుకు

హెయ్‌రోవ్‌స్కీ 1890 డిసెంబర్ 20న ప్రాగ్‌లో పుట్టారు. తండ్రి లియోపోల్డ్ విశ్వవిద్యాలయంలో రోమన్ న్యాయశాస్త్రం బోధించేవారు. కొడుకు మాత్రం సైన్స్ వైపు వెళ్లారు. 1910లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేరి 1913లో బీఎస్సీ పూర్తి చేశారు. అక్కడే ఫ్రెడరిక్ డొన్నన్ ప్రభావంతో ఎలక్ట్రోకెమిస్ట్రీపై ఆసక్తి కలిగింది. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైనిక ఆసుపత్రిలో మందులు కలిపే పని, ఎక్స్‌రే పని చేశారు.

1918లో ప్రాగ్‌లో డాక్టరేట్ పరీక్షకు కూర్చున్నప్పుడు భౌతికశాస్త్ర ప్రొఫెసర్ బొహుమిల్ కూచెరా ఆయన్ను పాదరసం గురించి అడిగారు. సన్నని గాజు గొట్టం నుంచి పాదరసపు చుక్కలు రాలుతుంటే వాటిని తూచి తలతన్యత లెక్కకట్టే పద్ధతి కూచెరాది. ఆ లెక్కల్లో కొన్ని చోట్ల పొంతన కుదరడం లేదు. కారణం వెతికే పని హెయ్‌రోవ్‌స్కీ తీసుకున్నారు. కొన్నేళ్లు ఓపిగ్గా చుక్కలు తూచారు.

చుక్కను వదిలి కరెంటును పట్టారు

చివరికి ఆయనకు తట్టింది చిన్న మార్పే. చుక్కల బరువుకు బదులు వాటిగుండా పోయే కరెంటును కొలిస్తే? 1922 ఫిబ్రవరి 10న గాల్వనోమీటర్ కలిపి చూశారు. వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచుతుంటే, ఒక స్థాయి దగ్గర కరెంటు మెట్టు ఎక్కినట్టు పెరిగింది. ఆ మెట్టు ఏ వోల్టేజీ దగ్గర వచ్చిందో చూస్తే ద్రావణంలో ఏ పదార్థం ఉందో తెలుస్తుంది. మెట్టు ఎత్తును బట్టి అది ఎంత ఉందో తెలుస్తుంది. ప్రతి కొత్త చుక్కతో ఎలక్ట్రోడ్ ఉపరితలం తాజాగా మారుతుంది కాబట్టి పాత మురికి కొలతను పాడుచేయదు.

రెండేళ్లకే జపాన్ నుంచి వచ్చిన మసుజో షికాతాతో కలిసి ఈ గీతను ఫొటో కాగితంపై తానే గీసుకునే యంత్రాన్ని తయారు చేశారు. అదే పోలరోగ్రాఫ్. 1926లో ఆయన ప్రాగ్‌లో ఫిజికల్ కెమిస్ట్రీకి తొలి ప్రొఫెసర్ అయ్యారు. 1934లో ఆయన సహచరుడు దియోనిజ్ ఇల్కోవిచ్ కరెంటుకూ పదార్థం మోతాదుకూ ఉన్న సంబంధాన్ని సమీకరణంగా చూపించారు.

రక్తం దగ్గర వచ్చిన చిక్కు

ఈ పద్ధతిని రక్తానికీ వాడాలని అప్పుడే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఆయన శిష్యుడు రుడాల్ఫ్ బ్రిదిచ్కా 1930లలో, కోబాల్ట్ కలిపిన ద్రావణంలో సీరం ప్రొటీన్లు ప్రత్యేకమైన సంకేతం ఇస్తాయని గుర్తించారు. దీనితో క్యాన్సర్‌ను కనిపెట్టవచ్చని ఆశలు పుట్టాయి. కానీ అలాంటి మార్పు ఇతర జబ్బుల్లోనూ కనిపించింది. సంకేతం రావడం ఒక ఎత్తు, అది దేనిదో తేల్చడం మరో ఎత్తు. ఈ రంగాన్ని ఇప్పటికీ వదలని ప్రశ్న అదే.

1939 నవంబర్‌లో నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలను మూసేశారు. నాజీలను వ్యతిరేకించే జర్మన్ ప్రొఫెసర్ బోమ్ సాయంతో హెయ్‌రోవ్‌స్కీ తన ప్రయోగశాలలో పని కొనసాగించగలిగారు. 1950లో పోలరోగ్రఫీ కోసమే ఏర్పడిన సంస్థకు సారథి అయ్యారు. 1955లో బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆయనకు గౌరవ సభ్యత్వం ఇచ్చింది. 1959లో, 68 ఏళ్ల వయసులో, రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. 1967 మార్చి 27న ప్రాగ్‌లో కన్నుమూశారు.

ఆయన తర్వాత

ఆయన జీవించి ఉండగానే, ఆయన దేశంలోనే మరో అడుగు పడింది. డీఎన్‌ఏ కూడా పాదరసపు ఎలక్ట్రోడ్ దగ్గర సంకేతం ఇస్తుందని 1960లో బ్రనోకు చెందిన ఎమిల్ పాలెచెక్ చూపించారు. యాంటీవైరల్ మందులకు ఇది కీలకం. ఎసైక్లోవిర్, గాన్‌సైక్లోవిర్ వంటివి డీఎన్‌ఏలోని గ్వానిన్‌ను పోలిన అణువులు. ఆ పోలికతోనే వైరస్‌ను మోసం చేస్తాయి. గ్వానిన్ ఎలక్ట్రోడ్ దగ్గర సులువుగా ఎలక్ట్రాన్లు వదులుతుంది కాబట్టి ఆ మందులనూ అదే పోలికతో పట్టుకోవచ్చు.

పాదరసం విషపూరితం కావడంతో ఇప్పుడు కార్బన్ ఎలక్ట్రోడ్లు ఎక్కువగా వాడుతున్నారు. కానీ వాటి ఉపరితలం చుక్కలా తనంతట తాను మారదు. రక్తంలోని ప్రొటీన్లు దానికి అంటుకుంటాయి. మూత్రంలోని యూరిక్ ఆసిడ్ కూడా తన సంకేతం ఇచ్చి గందరగోళం చేస్తుంది. అందుకే ఎలక్ట్రోడ్‌పై ప్రత్యేక పూతలు వేసి, మందును మాత్రమే గుర్తుపట్టేలా చేసే ప్రయత్నాలు సాగుతున్నాయి. కోవిడ్ కాలంలో ఫావిపిరావిర్, రెమ్‌డెసివిర్‌లపైనా ఇలాంటి పరిశోధనలు వచ్చాయి. 2020లో ఈ రెండు మందులనూ హైదరాబాద్ కంపెనీలు తయారు చేశాయి.

వీటిలో ఎక్కువ భాగం ఇంకా ప్రయోగశాల దాటలేదు. ఇంట్లో షుగర్ చూసుకునే మెషిన్ కూడా చుక్క రక్తంలో కరెంటు కొలిచే పనిముట్టే. యాంటీవైరల్ మందులకు అలాంటి స్ట్రిప్ వస్తే, మోతాదు తేల్చడానికి కిడ్నీ రోగి పెద్ద ఆసుపత్రి రిపోర్టు కోసం రోజుల తరబడి ఎదురుచూడనక్కర్లేదు. అయితే ముందుగా బ్రిదిచ్కాకు ఎదురైన ప్రశ్నకు జవాబు దొరకాలి.