ఎముకల వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్

కష్టజీవికి కాయమే పెట్టుబడి. కాలో చేయో విరిగిననాడు ఆ పెట్టుబడి పోయినట్లే. ఇల్లు గడచుట కష్టమగును. హైదరాబాదు నుండి ముంబయికి పోవు రహదారి మీద పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములలో 1970 తరువాత కర్మాగారములు విస్తారముగా వెలసినవి. యంత్రముల నడుమను, బరువుల నడుమను పనిచేయు కార్మికులకు ఎముకలు విరుగు ప్రమాదము ఎప్పుడును పొంచియే యుండును. తొడ ఎముక విరిగినవాని కాలు కదలకుండ పట్టియుంచుటకు వైద్యులు నేటికిని వాడు సాధనములలో థామస్ బద్ద యొకటి. అది ఇట్టి కార్మికుల నడుమనే, ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవుపట్టణమున పుట్టినది. దానిని నిర్మించినవాడు హ్యూ ఓవెన్ థామస్.

థామస్ 1834 ఆగస్టు 23వ తేదీన వేల్సు దేశమునకు చెందిన ఆంగ్లెసీ ద్వీపమున జన్మించెను. ఆంధ్రదేశమున పుత్తూరు కట్టు ఎట్లు ప్రసిద్ధమో, ఆ ద్వీపమున థామస్ వంశీయుల కట్టు అట్లు ప్రసిద్ధము. విరిగిన ఎముకలు సరిచేయు విద్య వారికి తరతరములుగా వచ్చుచుండెను. తండ్రి ఇవాన్ థామస్ లివర్‌పూల్‌లో స్థిరపడి, ఆ విద్యలో మంచి పేరు గడించెను. అయినను ఆయనకు పట్టా లేదు. అందుచేత వైద్యులు ఆయనపై పలుమార్లు న్యాయస్థానమున అభియోగములు తెచ్చిరి. తాను పడిన అవమానము తన బిడ్డలు పడరాదని తలచి, ఆయన తన ఐదుగురు కుమారులకును వైద్యవిద్య చెప్పించెను. వారిలో పెద్దవాడు హ్యూ.

హ్యూ మొదట తన బంధువైన వైద్యునికడ శిష్యరికము చేసి, పిదప ఎడింబరోలోను లండనులోను చదివి, 1857లో పట్టమందెను. కొంతకాలము తండ్రితో కలిసి పనిచేసెను గాని, ఇరువురి అభిప్రాయములు పొసగలేదు. తండ్రి అనుభవమును నమ్మినవాడు. కుమారుడు ఆ అనుభవమును శాస్త్రముతో పరీక్షింపగోరినవాడు. తుదకు హ్యూ వేరుగా వైద్యము ప్రారంభించెను.

ఆయన పొట్టివాడు; బక్కపలుచనివాడు. నల్లని కోటును మెడవరకు బిగించి, గాయపడిన కంటిని కప్పుటకై టోపీని ఒక ప్రక్కకు వాల్చి పెట్టుకొనెడివాడు. తెల్లవారకమునుపే పనికి పూనుకొనెడివాడు. నెల్సన్ వీథిలోని ఆయన వైద్యశాలకు అనుబంధముగా ఒక కమ్మరి కొలిమియు, తోలుపని చేయు చోటును ఉండెను. రోగి కాలికి తగిన కొలతలతో అక్కడనే పరికరములు తయారగుచుండెను. ఓడరేవు కూలీలు, నావికులు ఆయన రోగులు. ఆదివారము నాడు బీదలకు ఉచితముగా వైద్యము చేసెడివాడు. ఆనాడు వందలకొలది జనులు ఆయన వాకిట గుమిగూడెడివారు.

ఆ కాలమున ఎముక చెడినను, కీళ్లకు క్షయ సోకినను, పలువురు వైద్యులు కాలిని కోసివేయుటకు వెనుదీయకుండిరి. థామస్ ఈ పద్ధతిని గట్టిగా ఎదిరించెను. దెబ్బతిన్న అవయవమునకు సంపూర్ణమైన, ఎడతెగని విశ్రాంతి దీర్ఘకాలము నిచ్చినచో అది చాలవరకు తనంత తానే బాగుపడునని ఆయన సిద్ధాంతము. అందుకొరకే ఆయన ఒక బద్దను రూపొందించెను. తొడ మొదట తోలు మెత్తతో చుట్టిన ఇనుప వలయము, దానినుండి కాలి కిరుప్రక్కల సాగు ఇనుప ఊచలు, ఇంతియే దాని నిర్మాణము. కాలిని క్రిందికి లాగి ఊచల కొనకు కట్టినచో, కండరములు బిగిసి ఎముక ముక్కలను ఒకదానిపై నొకటి ఎక్కింపజాలవు. ఈ విధానములను ఆయన 1875లో ఒక గ్రంథముగా ప్రకటించెను.

ఎముక యొక్క స్వభావమే ఆయన సిద్ధాంతమునకు ఆధారము. ఎముక విరిగినచోట మొదట రక్తము గడ్డకట్టును. తరువాత అచట మెత్తని కణజాలము ఏర్పడి, క్రమముగా గట్టిపడి, రెండు కొనలను అతుకును. కొనలు మితిమీరి కదలుచుండినచో ఆ అతుకు నిలువదు. అతుకుటకు ఆలస్యమైన ఎముకలకు థామస్ వేరొక ఉపాయము చేసెను. విరిగినచోట మెల్లగా తట్టి, పైనను క్రిందను కట్లు బిగించి, అచట రక్తము నిలుచునట్లు చేసెడివాడు.

ఇంత చేసినను పెద్ద ఆసుపత్రులలో ఆయనకు పదవి లభింపలేదు. ఆయన మాట కరకు. ఇతర వైద్యులను విమర్శించుటకు జంకడు. ఆయన గ్రంథమును చదివి ఆచరించినవారు బహు కొద్దిమంది. 1891 జనవరి 6వ తేదీన, తన 56వ యేట, ఆయన మరణించెను. వేలకొలది కార్మికులు కన్నీరు కార్చుచు అంత్యయాత్రకు తరలివచ్చిరి.

సంతానము లేని థామస్ దంపతుల యింట పెరిగిన శిష్యుడు రాబర్ట్ జోన్సు. ఆయన థామస్ సతీమణికి బంధువు. 1888లో మాంచెస్టరు ఓడకాలువ త్రవ్వకమున గాయపడు వేలాది కార్మికుల వైద్యమునకు జోన్సు అధికారియయ్యెను. కాలువ పొడుగున ప్రథమచికిత్స కేంద్రములను, మూడు ఆసుపత్రులను నెలకొల్పి, గురువు పద్ధతులను అచట అమలుపరచెను. పిదప మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. 1914లో తొడ ఎముక విరిగిన సైనికులలో నూటికి 80 మంది మరణించుచుండిరని ఆనాటి వైద్యులు వ్రాసిరి. విరిగిన కొనలు దారిపొడుగున కదలి కండలను చీల్చుటయు, రక్తము కారిపోవుటయు ఇందుకు ముఖ్యకారణములు. జోన్సు పట్టుదలతో థామస్ బద్దను సైన్యమున ప్రవేశపెట్టించెను. 1917లో అర్రాస్ పోరునాటికి యుద్ధరంగము చెంతనే ఆ బద్దను కట్టుచుండిరి. అచట మరణించినవారి సంఖ్య నూటికి 20కి లోపుగా దిగెను. లివర్‌పూల్ కూలీలకై కొలిమిలో కాల్చిన ఇనుము సైనికుల ప్రాణములు నిలిపెను.

శాస్త్రము అంతటితో ఆగలేదు. నేడు విరిగిన తొడ ఎముకలో లోహపు కడ్డీని అమర్చి, రోగిని త్వరగా నడిపించుచున్నారు. కండరమును ఎముకతో కలుపు స్నాయుబంధనము తెగినచో దానిని కుట్టుదురు. దానికి రక్తప్రసరణ తక్కువ. కనుక మానుటకు చాలకాలము పట్టును. అయినను చేతివ్రేళ్ల బంధనములు చాలనాళ్లు కదలకున్నచో చుట్టునున్న కణజాలమునకు అంటుకొనిపోవును. కావున వాటిని జాగ్రత్తతో మెల్లమెల్లగా కదలించుచున్నారు. థామస్ చెప్పిన దీర్ఘవిశ్రాంతి అన్నిటికిని తగదని ఇట్లు తేలినది. కాని విరిగినదానిని తీసివేయుటకంటె నిలుపుటయే వైద్యుని మొదటి ధర్మమని ఆయన నేర్పిన పాఠము మాత్రము చెక్కుచెదరలేదు. పట్టాలేని తండ్రి చేతినేర్పును చిన్నచూపు చూడక, గ్రుడ్డిగా నమ్మకయు, పరీక్షించి గ్రహించుటయే ఆయన గొప్పతనము.