జిద్దా గుడారాల వెనక ఢాకా ఇంజినీర్

జిద్దా విమానాశ్రయంలో హజ్ టెర్మినల్ దగ్గర దిగిన హాజీ తలెత్తి చూస్తే తెల్లటి గుడారాలు వరసలుగా కనిపిస్తాయి. ఒకటీ రెండూ కాదు, 210. ఒక్కోటి సుమారు 45 మీటర్ల చదరం. తెలుగు నేల నుంచి జిద్దా మీదుగా వెళ్లిన హాజీలు ఎందరో ఆ నీడలోనే సామాన్లు సర్దుకుని మక్కా బస్సు కోసం ఎదురుచూశారు. ఆ నీడకు లెక్కలు కట్టిన ఇంజినీర్ ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. చికాగోలో ఆకాశాన్నంటే భవనాలు కట్టినాయనగా లోకమంతా ఎరుగును గానీ, ఈ గుడారాల్లో ఆయన చెయ్యి ఉందన్న సంగతి మన ఇళ్లలో పెద్దగా తెలీదు.

ఆయన 1929 ఏప్రిల్ 3న ఢాకాలో పుట్టారు. తండ్రి అబ్దుర్ రహ్మాన్ ఖాన్ లెక్కల మాస్టారు, పాఠ్యపుస్తకాలు రాసిన మనిషి. కొడుక్కి భౌతికశాస్త్రం మీద మోజు ఉన్నా తండ్రి ఇంజినీరింగ్ వైపే నడిపించారు. కలకత్తా దగ్గరి శిబ్‌పూర్ కాలేజీలో చదువుతుండగా 1950లో మతకల్లోలాలు రేగాయి. ఢాకా తిరిగొచ్చి అహ్సనుల్లా ఇంజినీరింగ్ కాలేజీలో పట్టా పూర్తి చేశారు.

1952లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పూ, పాకిస్తాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పూ రెండూ చేతికొచ్చాయి. అమెరికాలోని అర్బానాకు, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి ప్రయాణమయ్యారు. అక్కడ మూడేళ్లలో చేసిన చదువు చూస్తే ఇప్పుడు ఎంఎస్‌కు వెళ్లే పిల్లలకు నమ్మబుద్ధి కాదు. స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో ఒక మాస్టర్స్, మెకానిక్స్‌లో ఇంకో మాస్టర్స్, వాటిపైన పీహెచ్‌డీ. మొదటిది కట్టడాన్ని నిలబెట్టే లెక్క చెబుతుంది. రెండోది బరువు పడినప్పుడు వస్తువు లోపల ఏం జరుగుతుందో చెబుతుంది. ఒకటి చాలదా అనిపించొచ్చు గానీ, బలం ఎటునుంచి ఎటు ప్రవహిస్తుందో పట్టుకోవడమే తర్వాత ఆయన అసలు పనితనమైంది.

పీహెచ్‌డీ పరిశోధన ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్ దూలాల మీద. కాంక్రీట్‌ను నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. అందుకని దూలంలో ఉక్కు తీగలను లాగి బిగించి ఉంచుతారు. బరువు రాకముందే దూలం దానికి సిద్ధమై ఉంటుందన్నమాట.

1955లో చికాగోలో స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థలో చేరారు. రెండేళ్లకే స్వదేశం బాట పట్టారు. కరాచీ డెవలప్‌మెంట్ అథారిటీలో ఇంజినీర్ పదవి దొరికింది. కుర్చీ పెద్దదే, కానీ రోజంతా ఫైళ్లు, పాలనా వ్యవహారాలు. నేర్చుకున్న డిజైన్ పనికి చోటు చిక్కలేదు. 1960లో మళ్లీ చికాగోకే వెళ్లిపోయారు. చదువుకుని వెనక్కి రాలేదని విదేశాల్లో ఉన్న పిల్లలను తప్పుపట్టే పెద్దలు ఈ కరాచీ సంగతి కూడా చూడాలి. ఆయన వచ్చారు. పనే దొరకలేదు.

సముద్రంలో చమురు వేదికకు అల ఎలాగో, ఎత్తైన భవనానికి గాలి అలాగ. అటకాయించేది పక్క నుంచే. అప్పట్లో ఆ గాలిని తట్టుకోవడానికి లోపల ఉక్కు చట్రాలు కుక్కేవారు, ఎత్తు పెరిగేకొద్దీ ఖర్చు చుక్కలనంటేది. ఖాన్ బలాన్ని బయటి గోడలకు తెచ్చారు. స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపి, భవనమంతా ఒకే గొట్టంలా పనిచేసేట్టు చేశారు. 100 అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్‌కు బయటివైపు పెద్ద పెద్ద ఇంటూ గుర్తుల్లా ఉక్కు దూలాలు వేశారు. దానికి చదరపు మీటరుకు సుమారు 145 కిలోల ఉక్కు పట్టింది. అంతకుముందు న్యూయార్క్‌లో కట్టిన ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌కు పట్టింది సుమారు 206 కిలోలు. తర్వాత తొమ్మిది గొట్టాలను కట్టగా కట్టినట్టు నిలిపిన 110 అంతస్తుల సియర్స్ టవర్ 1998 దాకా ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన భవనంగా నిలిచింది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు ఆయన చికాగోలో ఉన్న బెంగాలీలను కూడగట్టి, బాధితుల కోసం చందాలు పోగుచేసే పనికి ముందు నిలిచారు.

జిద్దా పని వచ్చేసరికి సమస్య వేరు. ఏడాదిలో కొన్ని వారాలే లక్షల మంది దిగుతారు. అంత మేర గోడలు కట్టి ఏసీలు పెట్టడం తలకు మించిన ఖర్చు. అందుకే పక్కలన్నీ తెరిచేశారు. టెఫ్లాన్ పూసిన గాజునార బట్టను ఉక్కు స్తంభాల నుంచి తీగలతో లాగి వేలాడదీశారు. తెల్లటి బట్ట ఎండను తిప్పికొడుతుంది, వేడిగాలి గుడారం నడినెత్తిన ఉన్న రంధ్రంలోంచి పైకి పోతుంది. అర్బానాలో చదివిన ముందే లాగి బిగించే సూత్రం ఇక్కడ బట్టలో కూడా పనిచేసింది. బిగువు లేకపోతే గుడారం గాలికి కొట్టుకుపోతుంది మరి.

టెర్మినల్ 1981లో తెరుచుకుంది. మరుసటేడు మార్చి 27న పని మీద వెళ్లిన ఖాన్‌కు జిద్దాలోనే గుండెపోటు వచ్చింది. 53 ఏళ్లు నిండడానికి వారం తక్కువ. చికాగోలోని గ్రేస్‌లాండ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. 1983లో హజ్ టెర్మినల్‌కు ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది, అప్పటికి ఆయన లేరు.