అల్లూరి సీతారామరాజు

సీతారామరాజు పేరు వినని బాలుడు ఆంధ్రదేశమున నుండడు. మన్యము మన వెంకటగిరికోటకు బహుదూరమైనను, పాఠశాలల ఉత్సవములలో ఆతని వేషము ధరించి విల్లంబులు పట్టు బాలురు ఇచ్చటను కలరు. ఆతడు ఆయుధమేల పట్టెనో వారికి తెలుపుటకై మేమీ చరిత్రను వ్రాయుచున్నాము.

రాజు 1897వ సంవత్సరము జూలై 4వ తేదీన విశాఖపట్టణము జిల్లా పాండ్రంగిలో జన్మించెను. తండ్రి వెంకటరామరాజు ఛాయాచిత్రకారుడు. బాల్యముననే తండ్రి గతించుటచే ఆతని చదువు ఊరూరికి మారి తుదకు నిలిచిపోయెను. పిమ్మట పుణ్యక్షేత్రములు దర్శించి, మన్యపు అంచున నున్న కృష్ణదేవిపేట చేరి సన్న్యాసివలె జీవించెను.

కొండవాలున చెట్లు నరికి కాల్చి, ఆ బూడిదలో విత్తులు చల్లు పోడు వ్యవసాయమే మన్యవాసుల కాధారము. 1882వ సంవత్సరపు మదరాసు అటవీ చట్టము దాని నడ్డగించెను. గూడెము డిప్యూటీ తహశ్శీల్దారు బాస్టియన్ వారిచే బలవంతముగా రోడ్డుపని చేయించి, అత్యల్పమైన కూలి యిచ్చెను. వారి మొర సకాలమున విన్నవారు లేరైరి.

రాజు మొదటనే ఆయుధము పట్టలేదు. సహాయ నిరాకరణోద్యమ కాలమున మద్యము మానుడనియు, తగవులు పంచాయతీలలో తీర్చుకొనుడనియు కొండజనులకు బోధించెను. ప్రభుత్వ మాతని ననుమానించి, 1922 ఆరంభమున నిర్బంధించి, పిదప పైడిపుట్టలో భూమి యిచ్చి కనిపెట్టియుండెను. ఆతని కిట్లు భూమి దొరికెను గాని, కొండజనుల బాధ తీరలేదు.

ఆ సంవత్సరము ఆగస్టు 22, 23, 24 తేదీలలో గాము గంటందొర, మల్లుదొర మొదలగువారితో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులు గైకొనెను. తీసికొనిన వాని పట్టికను వ్రాసియుంచి పోయెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను అధికారులు హతులైరి. వారును తల్లులు కన్న బిడ్డలే యని మనము మరువరాదు.

ప్రభుత్వము మలబారు పోలీసులను, అస్సాము రైఫిల్సును రప్పించెను. దాడులలో రాజు అనుచరులు పలువురు మడిసిరి. రెండుపక్షముల నడుమ గ్రామములు నలిగెను. 1924 మే 7న రాజు పట్టుబడి, విచారణయే లేక కొయ్యూరులో కాల్చి చంపబడెను. అప్పటి కాతని వయస్సు 26 ఏండ్లు మాత్రమే. కొన్ని వారములకే గంటందొరయు హతుడయ్యెను.

గాంధీమహాత్ముడు 1929లో సాయుధ తిరుగుబాటును మెచ్చకయే ఆతని ధైర్యమును, త్యాగమును, నిరాడంబరతను కొనియాడెను. మేమును ఆ మార్గమునే సరియైనదిగా నెంచుచున్నాము. యువకుడు రక్తదాహముచే ఆయుధము పట్టుననుట తరచు పొరపాటు. కన్నులయెదుట అన్యాయము జరుగుచుండ, న్యాయము చెప్పవలసినవారు చెవి యొగ్గనప్పుడు, ఆతని మంచితనమే ఆతనిని అటు త్రోయవచ్చును. కాని తుపాకి పేలిన పిదప దాని ఫలము పట్టినవాని యొక్కనికే దక్కదు. ఏ పేదలకై అది యెత్తబడెనో వారి గుడిసెలమీదను పడును.

విద్యార్థులారా, ఆతని దయను, నిజాయితీని గ్రహింపుడు. తలిదండ్రులారా, అధికారులారా, యువకుని మొర శాంతముగా నున్నప్పుడే వినుడు.