జాలీనూస్ హకీము

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒక వైద్యుడిని బాగా మెచ్చుకోవాలంటే లుక్మాన్ పేరో, జాలీనూస్ పేరో ఎత్తుతారు. లుక్మాన్ గారి సంగతి ఖురాన్ షరీఫ్‌లో ఉంది కనుక అందరికీ తెలుసు. జాలీనూస్ ఎవరంటే మాత్రం పాతకాలపు అరబ్బు హకీము అయి ఉంటాడని చాలామంది అనుకుంటారు. ఆయన అరబ్బు కాదు, ముస్లిమూ కాదు. ఇస్లాం రావడానికి నాలుగు వందల ఏళ్ళకు పైగా ముందు గడిచిపోయిన యూనానీ, అంటే గ్రీకు జాతివాడు. ఇంగ్లీషు పుస్తకాలలో ఆయన్ని గేలెన్ అంటారు. హైదరాబాదులో చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాలలో నేటికీ నేర్పుతున్న మిజాజ్, దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అనే మాటల వెనుక ఉన్నది ఈయన చదువే. కనుక ఆయన చరిత్ర మన సభ్యులు కొంత తెలుసుకోవడం బాగుంటుందని మేము తలచాము.

జాలీనూస్ క్రీ.శ. 129లో పెర్గమోన్ పట్టణంలో పుట్టాడు. ఈనాటి తుర్కీలో మధ్యధరా సముద్రపు పాయ అయిన ఈజియన్ తీరానికి కాస్త లోపలగా ఉన్న బెర్గమా ఊరే అది. ఆ కాలంలో మధ్యధరా చుట్టూ ఉన్న దేశాలన్నీ రోము ఏలుబడిలో ఉండేవి. రాజ్యం రోమువారిది, చదువు మాత్రం గ్రీకులది. పెర్గమోన్‌ను అంతకు ముందు ఏలిన రాజులు క్రీ.పూ. రెండవ శతాబ్దంలో అక్కడ పెద్ద గ్రంథాలయం కట్టించారు. మిస్రులోని ఇస్కందరియా గ్రంథాలయం తరువాత చెప్పుకోదగినది అదే. చర్మాన్ని చదును చేసి వ్రాతకు వాడే పార్చ్‌మెంటుకు ఆ పేరు ఈ ఊరి వల్లనే వచ్చింది. ఊరి బయట ఒక పెద్ద చికిత్సాలయం ఉండేది. రోగులు దూర దేశాల నుంచి వచ్చి అక్కడ పడుకునేవారు. స్నానపు తొట్లు, గ్రంథాలయం, నాటకశాల కూడా అందులోనే! రోగికి మందుతో పాటు పాట, నాటకం కూడా కావాలని వాళ్ళు ఎరిగి ఉన్నారన్నమాట. కత్తితో గెలిచిన రోమువాళ్ళు వైద్యానికి, లెక్కలకు, తత్వానికి ఇలాంటి ఊళ్ళ గడప తొక్కవలసి వచ్చింది.

తండ్రి పేరు నికోన్. కట్టడాలు కట్టించే నిపుణుడు, లెక్కలూ ఖగోళమూ బాగా వచ్చినవాడు. పరమ శాంత స్వభావుడు. తల్లి మాత్రం మహా కోపిష్ఠి. దాసీలను పళ్ళతో కరిచేదని కొడుకే వ్రాసిపెట్టాడు! పద్నాలుగేళ్ళు వచ్చేదాకా కొడుకుకి తండ్రే చదువు చెప్పాడు. ఆ తరువాత నాలుగు రకాల తత్వాలు బోధించే నలుగురు ఉస్తాదుల దగ్గరికి పంపాడు. ఏ ఒక్కరి మాటా గుడ్డిగా పట్టుకోవద్దు, అందరిదీ విని తూచి చూసుకోమన్నది ఆయన నేర్పిన పాఠం. కొడుక్కి పదహారేళ్ళు వచ్చినప్పుడు నికోన్‌కు ఒక కల వచ్చిందట. దాన్నిబట్టి పిల్లవాణ్ణి వైద్యంలో పెట్టాడు.

మరి మూడేళ్ళకు ఆ తండ్రి కాలం చేశాడు. చేతిలో ఆస్తి ఉన్న పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఏం చేస్తాడో మనకు తెలియనిది కాదు. జాలీనూస్ ఆ డబ్బు పట్టుకుని చదువుకు బయలుదేరాడు. స్మిర్నా వెళ్ళాడు, కొరింథు వెళ్ళాడు, చివరికి ఇస్కందరియా చేరి కొన్నేళ్ళు అక్కడే ఉన్నాడు. మనిషి ఎముకల గూడును కళ్ళారా చూసి నేర్చుకునే వీలు ఆ రోజుల్లో అక్కడ ఉండేది. పదహారో ఏట మొదలైన వైద్యపు చదువు ఇరవై ఎనిమిదో ఏట ముగిసింది. పన్నెండేళ్ళు! పదో తరగతి కాగానే పిల్లవాణ్ణి దుకాణంలో కూర్చోబెట్టాలని తొందరపడే మన ఇళ్ళల్లో ఈ లెక్క ఒకసారి చెప్పుకోవాలి.

157లో సొంత ఊరికి తిరిగి వచ్చాక గ్లాడియేటర్లకు వైద్యుడయ్యాడు. జనం వినోదం కోసం కత్తులతో ఒకరినొకరు పొడుచుకునే యోధులు వాళ్ళు, చాలామంది బానిసలే. క్రూరమైన ఆట. ఆ గాయాలు కడిగి, కుట్టి, కట్టు కట్టడంలో జాలీనూస్ చేయి తిరిగింది. తన హయాంలో చావులు బాగా తగ్గాయని ఆయనే చెప్పుకున్నాడు. గొప్పలు చెప్పుకోవడంలో మాత్రం ఆయనకు ఎవరూ సాటి రారు. సాటి వైద్యులను తిట్టడంలోనూ అంతే. ఆ గుణం మనం మెచ్చనవసరం లేదు.

162లో రోము చేరాడు. అక్కడ పెద్దల సమక్షంలో జంతువులను కోసి శరీర రహస్యాలు చూపించేవాడు. గొంతుకు వెళ్ళే సన్నని నరాన్ని ముడి వేస్తే అరుస్తున్న జంతువు గప్‌చుప్ అయిపోయేది. ఆ జంతువు ఏదో చెప్పడానికి మన నోరు రాదు, పాఠకులే గ్రహించగలరు. దీంతో తేలిందేమిటంటే, మాటను నడిపించేది గుండె కాదు, మెదడు. గుండే అన్నింటికీ మూలమని అరస్తూ అంతటివాడు చెప్పగా నలుగురి ఎదుట నరం చూపించి కాదన్నాడు. ధమనుల్లో ఉండేది గాలి కాదు, రక్తమేనని కూడా ఇలాగే చూపించాడు.

నబ్జ్ చూడడంలో ఆయన నేర్పు గురించి ఒక కథ ఉంది. ఒక పెద్దింటి ఇల్లాలికి నిద్ర పట్టదు, జబ్బు ఏదీ కనబడదు. ఒకనాడు ఈయన చూస్తుండగా ఎవరో వచ్చి ఫలానా నటుడి నాట్యం చూసి వస్తున్నామన్నారు. ఆమె ముఖం మారింది, నాడి గతి తప్పింది. ఇంకొకడైతే అక్కడితో తేల్చేసేవాడు. జాలీనూస్ ఆగి, మరునాడు, ఆ మరునాడు వేరే నటుల పేర్లు చెప్పించాడు. నాడి కదలలేదు. నాలుగోనాడు మళ్ళీ మొదటి పేరు చెప్పించాడు, నాడి మళ్ళీ తడబడింది. అప్పుడు గాని నమ్మలేదు. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత బూఅలీ సీనా తన ఖానూన్‌లో ఈ పద్ధతినే చెప్పాడు.

166లో రోములో పెద్ద అంటువ్యాధి వచ్చింది. జాలీనూస్ ఆ సమయంలో ఊరు విడిచి వెళ్ళాడు. భయపడి వెళ్ళాడని కొందరు, కాదని కొందరు అంటారు. చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ మళ్ళీ పిలిపించాడు. యుద్ధానికి తన వెంట రమ్మంటే ఒప్పుకోక, రాజకుమారుడి ఆరోగ్యం చూసుకుంటూ ఉండిపోయాడు. చక్రవర్తికి తిర్యాక్ అనే విషహరమైన మందు నూరేది ఈయనే. దొరికిన తీరిక అంతా వ్రాతలోనే గడిపాడు. శరీరంలో ఏ అవయవం ఎందుకు అలా అమర్చబడిందో చెప్పే ఒక పెద్ద గ్రంథం వ్రాశాడు. సృష్టించినవాడి తెలివిని అడుగడుగునా కొనియాడే పుస్తకం అది. తరువాత మనవాళ్ళకు అది నచ్చిందంటే వింత లేదు.

192లో రోములో అగ్నిప్రమాదం జరిగింది. జాలీనూస్ తన పుస్తకాలు, మందులు, శస్త్రాలు ఒక గట్టి గిడ్డంగిలో భద్రపరిచాడు. కాపలా ఉంది, చుట్టూ ఇళ్ళు లేవు, భయం లేదనుకున్నాడు. అంతా బూడిదైంది. పక్కనున్న ప్రభుత్వ గ్రంథాలయాలూ కాలిపోయాయి. తమ పుస్తకాలు పోయిన దిగులుతో ఒక వ్యాకరణ పండితుడు ప్రాణమే విడిచాడు. అన్నిటికంటే బాధ ఏమిటంటే, ప్రతి పుస్తకానికీ నకళ్ళు వ్రాయించి దూరపు ఊళ్ళకు పంపాలని అప్పటికే ఏర్పాటు చేసుకున్నాడు. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఆ నకళ్ళు పోయేవి కావు. అరవై దాటిన మనిషి కూర్చుని ఏడవలేదు. మళ్ళీ కలం పట్టాడు. ఇంకా ఇరవై ఏళ్ళకు పైగా బ్రతికాడని అరబ్బు చరిత్రకారుల లెక్క.

ఆయన తరువాత రోము బలం తగ్గింది, గ్రంథాలయాలు చెదిరిపోయాయి. ఆ పుస్తకాలను బ్రతికించినది బాగ్దాదు. హునైన్ బిన్ ఇస్‌హాక్ (809–873) అనే క్రైస్తవ పండితుడు అబ్బాసీ ఖలీఫాల కాలంలో జాలీనూస్ గ్రంథాలు 129 పేర్లతో జాబితా వ్రాశాడు. ఒక్కొక్క దానికి దొరికినన్ని గ్రీకు ప్రతులు తెచ్చి, పక్కపక్కన పెట్టి సరిచూసి, ఆ పైన తర్జుమా చేశాడు. ఖర్చు మూసా కుమారులవంటి ముస్లిం ధనికులు పెట్టుకున్నారు. వ్రాసినవాడి మతం, తర్జుమా చేసినవాడి మతం ఎవరూ అడగలేదు.

మనవాళ్ళు జాలీనూస్‌ను ఎంత గౌరవించినా ఆయనను తూకం వేయకుండా వదలలేదు. రాజీ ఆయన మీద సందేహాలతో ఒక గ్రంథమే వ్రాశాడు. మనిషి శవాన్ని కోసే వీలు లేక జాలీనూస్ కోతుల మీద చూసి వ్రాశాడు. కింది దవడ రెండెముకలన్నాడు. 1200 ప్రాంతంలో మిస్రులో కరువు వచ్చినప్పుడు అబ్దుల్ లతీఫ్ బాగ్దాదీ వేల పుర్రెలు చూసి, అది ఒక్కటే ఎముక అని తేల్చాడు. గుండె మధ్య గోడలో కనబడని రంధ్రాలు ఉన్నాయన్న మాటను 1288లో చనిపోయిన ఇబ్న్ నఫీస్ కొట్టివేశాడు. రక్తం ఊపిరితిత్తుల గుండా పోయి వస్తుందన్నాడు. తండ్రి నేర్పిన పాఠాన్ని జాలీనూస్ మీదనే అమలు జరిపారు.

హునైన్‌కు ఒక కోరిక సగమే తీరింది. రుజువు చేయడం ఎలా అన్న విషయం మీద జాలీనూస్ పదిహేను భాగాల గ్రంథం వ్రాశాడు. హునైన్ దాని కోసం ఇరాకు, షామ్, ఫలస్తీన్, మిస్రు తిరిగి ఇస్కందరియా దాకా వెళ్ళాడు. డెమాస్కస్‌లో దాదాపు సగం దొరికింది. మిగతాది ఈనాటికీ పూర్తిగా దొరకలేదు. అగ్నిప్రమాదం తరువాత జాలీనూస్ ఒక స్నేహితుడికి వ్రాసిన ఉత్తరం కూడా పోయిందనే అందరూ అనుకున్నారు. 2005లో గ్రీసులోని థెస్సలోనికీలో ఒక మఠపు గ్రంథాలయంలో, పాత వ్రాతప్రతుల మధ్య అది బయటపడింది. పోయిన పుస్తకాల సంగతంతా మనకు తెలిసింది అందులోనుంచే.