బెంజమిన్ రాబిన్స్

బెంజమిన్ రాబిన్స్ (1707 - 1751 జూలై 29) ఇంగ్లాండుకు చెందిన గణిత శాస్త్రవేత్త, సైనిక ఇంజనీరు. తుపాకి నుండి వెలువడే గుండు వేగాన్ని కొలవడానికి నమ్మదగిన పద్ధతిని ప్రవేశపెట్టాడు. గొట్టం పొడవును బట్టి ఆ వేగం ఎలా మారుతుందో గణితం ద్వారా వివరించాడు. జీవితపు చివరి సంవత్సరం కోరమాండల్ తీరంలో గడిపి, కడలూరు సమీపాన మరణించాడు.

తొలి జీవితం

రాబిన్స్ బాత్ పట్టణంలో ఒక పేద క్వేకరు కుటుంబంలో జన్మించాడు. యుద్ధాన్ని నిరసించే ఆ మతశాఖలో పుట్టినవాడు ఫిరంగుల శాస్త్రానికి పునాది వేయడం విచిత్రమే. లండను చేరి, గణితం బోధిస్తూ జీవించాడు. 1727లో, ఇరవై ఏళ్ల వయసులో, రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. న్యూటన్ పక్షాన వాదించడంలో ఉత్సాహం మెండు. 1739లో ఆయిలర్ యంత్రశాస్త్ర గ్రంథాన్ని ఘాటుగా విమర్శించాడు. ప్రధాని వాల్పోల్‌కు వ్యతిరేకంగా కరపత్రాలు కూడా రాశాడు. 1741లో వూలిచ్ సైనిక విద్యాలయం ఏర్పడినప్పుడు ఆశించిన ఆచార్య పదవి ఆయనకు దక్కలేదు.

గుండు వేగం, గొట్టం పొడవు

మరుసటి ఏడు వెలువడిన ఫిరంగి శాస్త్ర గ్రంథమే ఆయన కీర్తికి ఆధారం. అంతవరకు గుండు ఎంత వేగంతో బయటపడుతుందో ఎవరికీ సరిగా తెలియదు. రాబిన్స్ సుమారు 56 పౌన్ల బరువైన లోలకాన్ని వేలాడదీసి, దానికి అమర్చిన కొయ్య దిమ్మెలోకి గుండు పేల్చాడు. లోలకం ఎంత ఊగిందో దానికి కట్టిన రిబ్బను చూపుతుంది. దాని నుండి ద్రవ్యవేగ సూత్రం ద్వారా గుండు వేగం తెలుస్తుంది.

మందు మొత్తం ఒక్కసారిగా మండి వాయువుగా మారుతుందని, గుండు ముందుకు జరిగే కొద్దీ వాయువు వ్యాకోచించి పీడనం తగ్గుతుందని ఆయన భావించాడు. అందుచేత గొట్టం మొదటి భాగంలోనే గుండుకు ఎక్కువ వేగం లభిస్తుంది. గొట్టం పొడవును మందు ఆక్రమించిన పొడవుతో భాగించి, ఆ భాగఫలపు సంవర్గమానం తీసుకుంటే, వేగపు వర్గం దానికి అనుపాతంలో ఉంటుంది. 45 అంగుళాల గొట్టంలో మందు రెండున్నర అంగుళాలకు కొంచెం ఎక్కువ ఉన్నదనుకుందాం. ఈ సూత్రం ప్రకారం గొట్టాన్ని సగానికి కోసినా వేగం 13 శాతమే తగ్గుతుంది. రెట్టింపు చేస్తే పెరిగేది 12 శాతం లోపే. గొట్టం పొడిగించిన కొద్దీ బరువు పెరుగుతుంది గాని, లాభం అందుకు తగినట్లు పెరగదని దీనివల్ల తేలింది. పొట్టివి మొదలు 45 అంగుళాల దాకా వేర్వేరు గొట్టాలతో పేల్చి, లెక్కను లోలకంతో సరిపోల్చాడు.

గాలి నిరోధం గూర్చి ఆయన చెప్పినది మరింత సంచలనం కలిగించింది. సెకనుకు 1,700 అడుగుల వేగంతో 45 డిగ్రీల కోణంలో పేల్చిన గుండు, గాలి లేకపోతే 17 మైళ్లు పోవాలి. నిజానికి అందులో స్వల్ప భాగం మాత్రమే పోతుంది. 1745లో ఆయిలర్ పాత విమర్శను మనసులో పెట్టుకోక, ఈ పుస్తకాన్ని మూలం కన్నా పెద్ద వ్యాఖ్యతో జర్మన్ భాషలోకి అనువదించడం ఆయన పెద్దమనసు. 1746లో రాబిన్స్‌కు కోప్లే పతకం లభించింది. గొట్టం లోపల మెలి గాడులున్న రైఫిల్‌ను సక్రమంగా అర్థం చేసుకుని వాడే దేశానిదే పైచేయి అవుతుందని 1747లో చెప్పాడు. సైన్యాలు దానిని విరివిగా చేపట్టడానికి నూరేళ్లు పట్టింది.

భారతదేశంలో

1746లో చెన్నపట్నం ఫ్రెంచివారి వశమై, 1749లో తిరిగి ఆంగ్లేయుల చేతికి వచ్చింది. కోటల బలహీనత తెలిసివచ్చిన ఈస్టిండియా కంపెనీ, వాటిని పటిష్టం చేయడానికి రాబిన్స్‌ను ప్రధాన ఇంజనీరుగా నియమించింది. 1750 జూలైలో ఆయన సెయింట్ డేవిడ్ కోట చేరాడు. కొద్ది నెలలకే జ్వరం పట్టుకుంది. కోలుకున్నా పూర్వపు ఆరోగ్యం రాలేదు. తలపెట్టిన పనులు ముగియకముందే, మరుసటి సంవత్సరం అక్కడే కన్నుమూశాడు. ఆయన రచనలను మిత్రుడు జేమ్స్ విల్సన్ 1761లో ప్రచురించాడు.

తరువాతి కాలంలో చార్లెస్ హట్టన్ వూలిచ్‌లో ఫిరంగులతో ఈ ప్రయోగాలను కొనసాగించాడు. గొట్టం పొడవు పెరిగితే వేగం దాని వర్గమూలం కన్నా తక్కువగా, ఘనమూలం కన్నా ఎక్కువగా పెరుగుతుందని కనుగొన్నాడు. మందు ఒక్కసారిగా మండుతుందన్న రాబిన్స్ ఊహ సరికాదని, గుండు కదులుతుండగా కూడా అది మండుతూనే ఉంటుందని తరువాత స్థిరపడింది. ఆయన లోలకం మాత్రం 19వ శతాబ్దంలో విద్యుత్ పరికరాలు వచ్చేవరకు వాడుకలో ఉన్నది.